సాకెట్టులో పట్టింది, మరి పలకదేం?

సైకిలు టైరు కొనడానికి వెళితే దుకాణదారు మొదట ఏమడుగుతాడు? "ఎన్ని అంగుళాలు బాబూ?" అంటాడు. కొలత సరిపోతే చాలు, టైరు చక్రానికి ఎక్కుతుంది. కంప్యూటరు విడిభాగాలు కూడా అంతేనా? మా బడిలో జరిగిన సంగతి చెబుతాను, వినండి.

కొన్నేళ్ల క్రితం మా కంప్యూటరు గదికి ఒక సర్వరు కొన్నాం. పాఠాలు, బొమ్మలు తనలో దాచుకొని, తక్కిన కంప్యూటర్లు అడిగినప్పుడల్లా అందించే కంప్యూటరునే సర్వరు అంటారు. తల్లిదండ్రుల దగ్గర ఇంటింటికీ తిరిగి పోగుచేసిన చందా సొమ్ము అది. అందులో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఎక్కించాం. ఇది ఓపెన్ సోర్స్. అంటే దీని లోపలి ప్రోగ్రామును ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు.

తెర వెలిగింది. డిస్కు పనిచేసింది. నెట్‌వర్కు కార్డు మాత్రం ఉలకలేదు, పలకలేదు. నెట్‌వర్కు లేని సర్వరు నోరు పెగలని మేష్టారు వంటిది! కార్డు చెడిపోయిందా అంటే, లేదు. సాకెట్టులో చక్కగా అమరింది కూడా. మరి లోపం ఎక్కడ?

దుబాసీ కావాలి

కంప్యూటరులోని ప్రతి చిప్పులోనూ సంఖ్యలు రాసే చిన్న చిన్న గడులుంటాయి. వాటిని రిజిస్టర్లు అంటారు. ఫలానా గడిలో ఫలానా సంఖ్య రాస్తే చిప్పు ఫలానా పని చేస్తుంది. ఈ ఏర్పాటు కంపెనీకొక తీరుగా ఉంటుంది. అందుచేత ఆపరేటింగ్ సిస్టంకూ చిప్పుకూ మధ్య మాట చేరవేసే దుబాసీ కావాలి. ఆ దుబాసీ ప్రోగ్రామునే డ్రైవరు అంటారు.

ఏ చిప్పుకు ఏ డ్రైవరో ఎలా తెలుస్తుంది? పీసీఐ పద్ధతిలో తగిలించే ప్రతి కార్డుకూ రెండు గుర్తింపు సంఖ్యలుంటాయి. ఒకటి కంపెనీది, రెండవది ఆ రకం చిప్పుది. ఒక్కొక్కటి 16 బిట్ల సంఖ్య. కాబట్టి 65,536 వేరువేరు సంఖ్యలు వీలవుతాయి. ఇంటెల్ కంపెనీ సంఖ్య 8086. ఆ కంపెనీ 1978లో తెచ్చిన ప్రసిద్ధ ప్రాసెసరు పేరూ అదే! ఇది పదహారు అంకెల పద్ధతిలో రాసిన సంఖ్య. మన పది అంకెల పద్ధతిలో 32,902 అవుతుంది. లెక్క వేసి చూడండి.

కంప్యూటరు మొదలవగానే లినక్స్ ఈ సంఖ్యలను చదివి, తన డ్రైవర్ల పట్టికలో వెతుకుతుంది. దొరికితే సరే, లేకుంటే ఆ కార్డు మూగపోతుంది. మాకు జరిగింది అదే. మేము ఎక్కించిన లినక్స్ కంటే ఆ కార్డు కొత్తది. తరువాతి లినక్స్‌లో దాని డ్రైవరు ఉందని తెలిసి, అది ఎక్కించాక సర్వరు పలికింది. ఈలోగా రెండు వారాల పాఠాలు పోయాయి.

డ్రైవరు రాసేదెవరు?

1991లో హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న లినస్ టోర్వాల్డ్స్, తన దగ్గరున్న 386 ప్రాసెసరు కంప్యూటరు కోసం లినక్స్ రాయడం మొదలుపెట్టాడు. తరువాత ఎందరో చేయి వేసి వేరువేరు చిప్పులకు డ్రైవర్లు రాశారు. అలా రాయాలంటే చిప్పు భాష తెలియాలి. కొన్ని కంపెనీలు ఆ వివరాలు చెబుతాయి, తామే డ్రైవరు రాసి ఇస్తాయి కూడా. కొన్ని దాస్తాయి. అప్పుడు ఏ సంఖ్య రాస్తే ఏమవుతుందో పరీక్షించి చూసి ఊహించవలసిందే. ఎన్‌విడియా బొమ్మల చిప్పులకు నూవో అనే డ్రైవరును చాలావరకు అలాగే రాశారు.

మరీ పాతవాటితోనూ చిక్కే. లినక్స్ ఏ 386 మీద పుట్టిందో, దాన్నే 2012 డిసెంబరులో లినక్స్ నుంచి తొలగించారు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13ను 32 బిట్ల పాత పీసీలలో కొత్తగా ఎక్కించడానికి వీలులేదు.

కొనేముందు

1. పెట్టె మీది పేరు చూసి మోసపోవద్దు. ఒకే పేరుతో అమ్మే కార్డులలో వేరువేరు చిప్పులు ఉండవచ్చు. చిప్పు సంఖ్య కనుక్కొని, మీరు ఎక్కించబోయే ఆపరేటింగ్ సిస్టం జాబితాతో పోల్చండి.

2. సర్వరుకు నెట్‌వర్కు, డిస్కు ముఖ్యం. ముందు ఆ రెండింటి డ్రైవర్లు చూడండి.

3. ఈసీసీ మెమరీ అయితే మంచిది. అందులో కొన్ని బిట్లు అదనంగా ఉండి, ఒక బిట్టు తప్పయితే సరిదిద్దుతాయి. అయితే ప్రాసెసరూ మదర్‌బోర్డూ రెండూ దానికి ఒప్పుకోవాలి.

4. కొన్ని చిప్పులకు డ్రైవరుతో పాటు, తమ లోపల నడిచే ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రామూ కావాలి. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఎక్కించే డిస్కులోనే దాన్ని ఇస్తున్నారు.

మీరూ చేసి చూడండి

పెన్‌డ్రైవు నుంచే నడిచే లినక్స్ ఉంటుంది. మీ మేష్టారి అనుమతితో బడి కంప్యూటరును దానితో నడపండి. 'ఎక్కించు' అన్న బొత్తాం నొక్కనంతవరకు డిస్కులోనిది చెరగదు. ఆదేశాలిచ్చే కిటికీలో ఎల్, ఎస్, పి, సి, ఐ అనే అయిదు చిన్నబడి అక్షరాలు కొట్టండి. తరువాత కొంచెం ఖాళీ వదిలి, ఒక అడ్డగీత, దాని వెంటనే ఎన్, ఎన్, కె కొట్టండి. కార్డులూ, వాటి సంఖ్యలూ, నడుపుతున్న డ్రైవర్లూ వరుసగా కనిపిస్తాయి. వాటిని నోటుపుస్తకంలో రాసుకోండి. ఏ కార్డు కింద డ్రైవరు పేరు లేదో చూడండి. మేము సర్వరు కొనేముందు, దుకాణంలోనే ఈ పరీక్ష చేసి ఉండవలసింది.