నిదానమే ప్రధానము

నేరేడ్‌మెట్‌లోని ఒక పాఠశాల కంప్యూటరులో డెబియన్ అను లినక్స్ వ్యవస్థ పనిచేయుచున్నదని యనుకొందము. దానిని నిర్మించినవారిలో పెక్కుమంది జీతము గోరక పనిచేయువారు. దాని సోర్స్ కోడ్‌ను, అనగా కంప్యూటరునకు చెప్పు పాఠమును, ఎవరైనను చదువవచ్చును, సవరింపవచ్చును, పంచిపెట్టవచ్చును. పదిమంది చేయి వేసిన వంట విందునాటికి చెడకుండుట యెట్లు? సవరించు హక్కు అందఱికి నున్నను, ఆ సవరణ ఎల్లర కంప్యూటరులకు చేరు ఘడియను నిర్ణయించుటకు కట్టుబాటొకటి యుండవలెను. దానికే విడుదల విధానమని పేరు.

1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ ఆరంభించిన డెబియన్‌లో నేడు మూడు మెట్లు గలవు. క్రొత్త సవరణ మొదట ‘అస్థిర’ శాఖలో చేరును. దానికి సిడ్ అని పేరు. ‘టాయ్ స్టోరీ’ చలనచిత్రములో బొమ్మలను విఱుగగొట్టు బాలుని పేరది. అచట సాధారణముగ రెండు మొదలు పది దినములు నిలిచి, ఘోరదోషమేదియు బయల్పడనిచో ‘పరీక్షా’ శాఖకు పోవును. ఇంచుమించు రెండేండ్లకొకమాఱు ఆ శాఖలో క్రొత్త మార్పులను నిలిపివేసి, మిగిలిన దోషములను దిద్ది, ‘స్థిర’ శాఖగా విడుదల చేయుదురు. రచయిత కలము దింపి, ప్రూఫులు దిద్దువారికి ప్రతిని అప్పగించుట వంటిదిది.

తొందర యెంత చేటో డెబియన్‌వారు తొలినాళ్లలోనే యెఱిగిరి. సి.డి.లు అమ్ము వ్యాపారి యొకరు సిద్ధము కాని ప్రతిని 1.0 అను సంఖ్యతో విక్రయించిరి. గందరగోళము తొలగించుటకై డెబియన్‌వారు ఆ సంఖ్యనే విడిచి, 1996 జూన్‌లో 1.1 అను ప్రతిని వెలువరించిరి.

2024లో అంతకంటె పెద్ద పరీక్ష వచ్చెను. ఫైళ్లను కుదించు ఎక్స్‌జెడ్ అను చిన్న సాధనమును చిరకాలము ఒక్కరే నిర్వహించుచుండిరి. సాయపడు నెపమున చేరి, రెండేండ్లకు పైగా నమ్మకము గడించిన అజ్ఞాతవ్యక్తి యొకడు, ఫిబ్రవరి, మార్చి మాసములలో వెలువడిన 5.6.0, 5.6.1 ప్రతులలో దొంగవాకిలి నమర్చెను. దూరమున నుండియే పరుల కంప్యూటరులను వశపఱచుకొనుట దాని లక్ష్యము. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజినీరు, లాగిన్‌కు అరసెకను అదనముగ పట్టుట గమనించి, కారణము వెదకి, మార్చి 29న దానిని లోకమునకు వెల్లడించెను. అప్పటికా ప్రతి డెబియన్ పరీక్షా శాఖను దాటలేదు. స్థిర శాఖ వాడువారు సురక్షితులైరి.

అయినను గడువు మాత్రమే రక్షించెననుట పొరపాటు. ఆ దొంగవాకిలి గడువు కాపలాను తప్పించుకొని రెండవ మెట్టెక్కనే యెక్కినది. కాలము అవకాశము నిచ్చెను. పట్టుకొన్నది మెలకువగల కన్ను. తెరచిన వాకిటనే దొంగయు వచ్చెను, పట్టుకొనువాడును వచ్చెను.

నిదానమనగా అలసత్వము కాదు. స్థిర శాఖలో భద్రతాలోపము కనబడినచో రెండేండ్లు వేచియుండరు. ఆ లోపమునకు మాత్రమే చిన్న సవరణను వేఱు మార్గమున శీఘ్రముగ పంపుదురు.

హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు లినక్స్‌ను తెలుగువారికి తెలుగులో అందించుటకు పూనుకొనిరి. అట్టి కృషిలో కోడ్ వ్రాయుట యొక్కటే సేవ కాదు. పరీక్షా ప్రతిని వాడి, తెలుగక్షరము చెదరిన చోటును, అనువాదము తప్పిన చోటును తెలుపుటయు సేవయే. నేరేడ్‌మెట్ విద్యార్థి వ్రాసిన నాలుగు పంక్తుల నివేదిక విడుదలకు ముందే చేరెనేని, ఎచటనో యున్న తెలుగు పాఠకునికి ఆ దోషము కనబడకయే పోవును.