పొట్ట మారింది... పళ్లెం మారాలి!

ఎల్బీనగర్‌లో ఓ ఫంక్షన్‌హాలు. పెళ్లి భోజనాలు జోరుగా సాగుతున్నాయి. బరువు తగ్గే ఆపరేషన్‌ చేయించుకుని ఏడాదైన ఓ గృహిణి అక్కడికి వెళ్లారనుకుందాం. నాజూగ్గా మారిన ఆమెను చూసి మెచ్చుకోనివాళ్లు లేరు. పెట్టించుకున్నదే గుప్పెడు. అంతలో ఆడపడుచు వచ్చి, ‘అదేంటి వదినా, పిట్టలా తింటున్నావు? నా కోసం ఈ ఒక్క జిలేబీ!’ అంటూ ప్లేటులో వేసేసింది. కాదనలేక తినేశారు. పావుగంట గడిచిందో లేదో... కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, గుండెదడ, ఒళ్లంతా చెమటలు. అందరూ ఫొటోలకు పిలుస్తుంటే ఆమె బాత్రూమ్‌ ఎక్కడుందో వెతుక్కుంటున్నారు!

బేరియాట్రిక్‌ సర్జరీ చేయించుకున్న చాలామందికి ఇలాంటి అనుభవం ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. ఆపరేషన్‌ వికటించిందేమోనని కొందరు హడలిపోతారు. ఇంకొందరు భయపడి తిండే తగ్గించేస్తారు. అంతకన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది... గడియారం చూడటం! తిన్న ఎంతసేపటికి ఇబ్బంది మొదలైందో గమనిస్తే, దానికి కారణం చాలావరకూ తెలిసిపోతుంది.

అసలేం మారింది?

అమెరికాలోని అయోవాలో డాక్టర్‌ ఎడ్వర్డ్‌ మేసన్‌ 1966లో గ్యాస్ట్రిక్‌ బైపాస్‌కు శ్రీకారం చుట్టారు. మనదేశంలో నితిన్‌ గడ్కరీ 2011లో, అరుణ్‌ జైట్లీ 2014లో బరువు తగ్గే ఆపరేషన్లు చేయించుకున్నాక ఈ చికిత్స పేరు ఇంటింటికీ చేరింది. వీటిలో ఎక్కువగా చేసేవి రెండు. ‘స్లీవ్‌’ పద్ధతిలో జీర్ణాశయాన్ని 75-80 శాతం వరకూ తీసేసి, అరటికాయలా సన్నటి గొట్టాన్ని మిగులుస్తారు. బైపాస్‌లో అయితే సుమారు 30 మిల్లీలీటర్లు, అంటే రెండు పెద్ద చెంచాలు పట్టే చిన్న సంచిని తయారుచేసి నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. పొట్ట ఒక్కపూటలో మారిపోతుంది. ఏళ్ల తరబడి అలవాటుపడ్డ చెయ్యీ నోరూ మాత్రం అంత త్వరగా మారవు. చిక్కంతా అక్కడే!

తింటుండగానే పట్టేస్తే...

నాలుగు ముద్దలు తినగానే రొమ్ము మధ్య బరువుగా పట్టేసినట్టు ఉంటుంది. నోట్లో నురగలా లాలాజలం ఊరి, తిన్నది వెనక్కి వచ్చేస్తుంది. గబగబా తినడం, సరిగా నమలకపోవడం, పెద్ద ముద్దలు పెట్టుకోవడం... ఇవీ కారణాలు. మెత్తగా ముద్దయ్యే అన్నం, బ్రెడ్‌, ఎండిన చపాతీ, పీచుగా ఉండే మటన్‌ ముక్కలు ఎక్కువగా ఇబ్బంది పెడతాయి. అందుకే పెద్ద కంచం పక్కనపెట్టి చిన్న ప్లేటు తీసుకోండి. వేలి గోరంత ముద్ద, ఇరవై ముప్ఫైసార్లు నమలడం, భోజనానికి కనీసం ఇరవై నిమిషాలు... ఇదీ లెక్క. ఇక చాలనిపించాక ఒక్క ముద్ద కూడా ఎక్కువే!

మన భోజనంలో మొదట కంచం నిండా అన్నం పెట్టుకుని, తర్వాత కూరలు చూస్తాం. ఇప్పుడు వరస తిరగెయ్యాలి. ముందు గుడ్డు, చేప, పనీర్‌, గట్టిపప్పు, పెరుగులాంటి మాంసకృత్తులు. తర్వాత కూర. చోటుంటేనే అన్నం. చారు, మజ్జిగ జారుగా కలుపుకుంటే అన్నం నమలకుండానే దిగిపోతుంది. ఆకలీ త్వరగా వేస్తుంది. తినడానికి అరగంట ముందు నుంచి, తిన్న అరగంట వరకూ నీళ్లు తాగకపోవడమే మేలు.

అరగంటలోపు దడ పుడితే...

పెళ్లిలో గృహిణికి వచ్చిన ఇబ్బంది ఇదే. వైద్యులు దీన్ని ‘డంపింగ్‌ సిండ్రోమ్‌’ అంటారు. తీపి పదార్థం పొట్టలో నిలవకుండా ఒక్కసారిగా చిన్నపేగులోకి దిగిపోతుంది. దాన్ని పలుచన చేయడానికి రక్తంలోని నీరు పేగులోకి చేరుతుంది. దాంతో కడుపునొప్పి, విరేచనం, దడ, కళ్లుతిరగడం. బైపాస్‌ చేయించుకున్నవారిలో ఎక్కువ, స్లీవ్‌ వాళ్లలో కాస్త తక్కువ. తల కొంచెం ఎత్తులో పెట్టుకుని అరగంట వాలితే సాధారణంగా సర్దుకుంటుంది.

జిలేబీ ప్రమాదమని చాలామందికి తెలుసు. పండ్లరసం సంగతే మరచిపోతారు. పండ్ల మార్కెట్‌ బాటసింగారం తరలిపోయినా, కొత్తపేట దారిలో పండ్లకేం కొదవ? కానీ గ్లాసుడు బత్తాయిరసం ఒక్కసారిగా తాగడమూ, చక్కెర నీళ్లు తాగడమూ ఈ పొట్టకు దాదాపు ఒకటే. రసానికి బదులు రెండు తొనలు నెమ్మదిగా నమిలి తినండి.

రెండు గంటలకు వణుకు వస్తే...

తీపి తిన్నాక గంట నుంచి మూడు గంటల మధ్య చేతులు వణకడం, చెమటలు, విపరీతమైన ఆకలి, తికమక... ఇది రెండోరకం డంపింగ్‌. పెరిగిన చక్కెరను అదుపుచేయడానికి ఇన్సులిన్‌ అవసరానికి మించి విడుదలవుతుంది. దాంతో రక్తంలో చక్కెర పడిపోతుంది. బండి మీద ఎల్బీనగర్‌ రింగురోడ్డు దగ్గర ఉండగా ఇలా అనిపిస్తే వెంటనే పక్కకు ఆపేయండి. కొద్దిగా గ్లూకోజు తీసుకుని, కుదుటపడ్డాక గుడ్డో, పనీరో తినండి. తరచూ ఇలా అవుతుంటే డాక్టర్‌కు చెప్పాలి. మధుమేహం మందులు వాడేవాళ్లు మరీ జాగ్రత్త. బరువు తగ్గాక మందుల మోతాదూ మారాల్సి రావచ్చు.

ఉబ్బరం వదలకపోతే...

ఆపరేషన్‌ తర్వాత కొందరికి పాలు పడవు, పెరుగు పడుతుంది. సోడా, కూల్‌డ్రింకులు గ్యాసును నింపుతాయి. సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌ మెట్రో దిగగానే పిలిచే మిర్చిబజ్జీలు మంట పుట్టిస్తాయి. స్లీవ్‌ తర్వాత కొందరిలో ఛాతీమంట పెరుగుతుంది. అలాంటివాళ్లు పడుకోవడానికి రెండుమూడు గంటల ముందే రాత్రి భోజనం ముగించాలి. నీళ్లు తగ్గినా, ఐరన్‌ మాత్రలు వేసుకుంటున్నా మలబద్ధకం రావచ్చు. భోజనాల మధ్య గుటకగుటకగా రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు తాగాలి. కడుపు బాగాలేదని విటమిన్‌ మాత్రలు మాత్రం మానొద్దు. బి12, ఐరన్‌, కాల్షియం లోపాలు నెమ్మదిగా దెబ్బతీస్తాయి.

ఇవి కనిపిస్తే ఆగొద్దు!

అన్నీ తిండి తప్పులే అనుకుని సరిపెట్టుకోవడమూ ప్రమాదమే.

* రోజంతా వాంతులై గుక్కెడు నీళ్లు కూడా నిలవకపోవడం.
* తగ్గని కడుపునొప్పి, జ్వరం, విశ్రాంతిలోనూ వేగంగా కొట్టుకునే గుండె. ఆపరేషన్‌ అయిన తొలి వారాల్లో వీటిని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు.
* నల్లటి మలం, రక్తపు వాంతి.
* వాంతులతోపాటు చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం. ఇది బి1 విటమిన్‌ లోపం కావచ్చు.
* తిన్నాక కుడి డొక్క పైభాగంలో నొప్పి. త్వరగా బరువు తగ్గినవారిలో పిత్తాశయంలో రాళ్లు ఏర్పడుతుంటాయి.
* బైపాస్‌ అయి ఏళ్లు గడిచినా, తిన్నప్పుడల్లా మెలిపెట్టే నొప్పి. పేగు లోపల చిక్కుకుని ఉండొచ్చు.

నొప్పి అనగానే మందులషాపులో ఐబుప్రొఫెన్‌, డైక్లోఫెనాక్‌ కొని మింగేయకండి. ముఖ్యంగా బైపాస్‌ అయినవారిలో అవి పుండ్లకు దారితీస్తాయి. ఏ డాక్టర్‌ దగ్గరికి వెళ్లినా ఆపరేషన్‌ సంగతి మొదటే చెప్పండి. డిశ్చార్జి కాగితం ఫొటో ఫోన్లో ఉంచుకుంటే అర్ధరాత్రి అవసరంలో ఆదుకుంటుంది.

చివరగా ఇంట్లోవాళ్లకో మాట. ‘ఇంకొక్క ముద్ద’ అనడం మన ప్రేమే. కాదనలేము. కానీ ఈ పొట్టకు ఆ ఒక్క ముద్దే శిక్ష. కాబట్టి ఈసారి ఆడపడుచు జిలేబీ తెస్తే మొహమాటపడకుండా, ‘నా వంతు కూడా నువ్వే తినేయ్‌’ అనండి. నవ్వుతూ పక్కన కూర్చుని కబుర్లు చెప్పండి. ఫొటోలో మీరూ ఉంటారు!