సగం సూపర్‌మార్కెట్‌కి... సగం సందు చివరి కొట్టుకి!

సర్కారు చేతికి కూపన్లు ఇచ్చిందనుకోండి. ఏం చేస్తాం? నెల సామాన్ల జాబితా పట్టుకుని తిన్నగా సూపర్‌మార్కెట్‌కి వెళ్లిపోతాం. సింగపూర్‌లో మాత్రం ఆ పప్పులుడకవు! కూపన్ల విలువలో సగమే అక్కడ చెల్లుతుంది. మిగతా సగం ఇంటి దగ్గరి కొట్లోనో, హాకర్ సెంటర్లోని టిఫిన్ల దుకాణంలోనో, చేపల అంగట్లోనో వాడాల్సిందే.

వీటిని అక్కడ సీడీసీ వోచర్లంటారు. 2020లో కొవిడ్ ఆంక్షలతో హాకర్ సెంటర్లలో కూర్చుని తినడం ఆగిపోయింది. చిన్న వ్యాపారులకు బేరాలు పడిపోయాయి. ఇటు పేద కుటుంబాలకూ ఇల్లు గడవడం కష్టమైంది. ఇద్దరినీ ఒకేసారి ఆదుకునేందుకు పుట్టిన పథకమిది. 2021 డిసెంబరులో దీన్ని సింగపూర్ పౌరుల కుటుంబాలన్నిటికీ వర్తింపజేశారు. సుమారు 13 లక్షల ఇళ్లకు తలా 100 డాలర్లు!

అప్పట్లో వీటిని హాకర్లు, చిన్న దుకాణదారులే తీసుకునేవారు. 2023 జనవరిలో అక్కడి జీఎస్టీ 7 నుంచి 8 శాతానికి పెరిగింది. అదే నెలలో 300 డాలర్ల వోచర్లిచ్చి, సూపర్‌మార్కెట్లలోనూ వాడుకోనిచ్చారు. అయితే అన్నీ పెద్ద దుకాణాలకే పోతే చిన్నవాళ్ల గతేంటి? అందుకే చెరి 150 అని గీత గీశారు. 2025 మేలో ఇచ్చిన 500లోనూ, 2026 జనవరి నాటి 300లోనూ అదే లెక్క.

సింగపూర్ వాసుల్లో నూటికి దాదాపు 80 మంది ప్రభుత్వం కట్టించిన ఫ్లాట్లలోనే ఉంటారు. లిఫ్టు దిగితే చాలు... కిరాణా కొట్టు, క్షౌరశాల, బేకరీ. వోచర్లు తీసుకుంటామన్న స్టిక్కరు ఉంటే అక్కడ సరిపోతుంది. ఫెయిర్‌ప్రైస్, జెయింట్, షెంగ్ సియాంగ్ లాంటి సూపర్‌మార్కెట్లకు మాత్రం రెండో సగమే. లాటరీ టికెట్లు, మద్యం, సిగరెట్లకు ఇవి చెల్లవు.

వాడటమూ తేలికే. ఇంట్లో ఒకరు సింగ్‌పాస్‌తో లాగిన్ అయితే ఫోనుకు లింకు వస్తుంది. దాన్ని మిగతావాళ్లకూ పంపుకోవచ్చు. వోచరు ఎంచుకుంటే వచ్చే క్యూఆర్ కోడ్‌ను దుకాణదారు తన ఫోనుతో స్కాన్ చేసుకుంటాడు. చిల్లర తిరిగివ్వరు. అయిదున్నర డాలర్ల భోజనమైతే 5 డాలర్ల వోచరు చూపించి, మిగతా అర డాలరు చేతి నుంచి ఇవ్వాలి. ఫోను వాడటం రాని తాతయ్యలూ బామ్మలూ కమ్యూనిటీ క్లబ్బుకు వెళితే కాగితంపై ముద్రించి ఇస్తారు.

మరి అక్కడి మన తెలుగువాళ్లకో? ఇంట్లో ఒక్కరైనా సింగపూర్ పౌరులుంటేనే వోచర్లు. పౌరసత్వం తీసుకున్న కుటుంబం లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్లో కూరగాయలకు ఫోను చూపిస్తుంటే, వర్క్‌పాస్ మీద వెళ్లిన సాఫ్ట్‌వేర్ దంపతులు అదే వరసలో జేబులోంచి డబ్బులు తీయాల్సిందే.

గడువు డిసెంబరు 31. ఆలోగా వాడకపోతే వోచరు మురిగిపోతుంది. ‘మాకు అక్కర్లేదు’ అనుకునేవాళ్లకు మరో దారీ ఉంది... సేవాసంస్థలకు విరాళంగా ఇచ్చేయొచ్చు!