తమలపాకు తీగ అలిగిందా?

తమలపాకు తీగ అందరిళ్లకూ అచ్చిరాదంటారు. మైల తగిలితే వాడిపోతుందని, నెలసరి రోజుల్లో ఆడపిల్లలు దాని ఛాయలకు కూడా పోకూడదని పెద్దవాళ్లు చెబుతుంటారు. నిజానికి ఆ తీగకు పడనివి రెండే: నిలవ నీరు, మాడ్చే ఎండ.

తమలపాకు మిరియాల కుటుంబంలోది. చెట్ల నీడలో, తేమ గాలిలో కణుపు వేళ్లతో మాను పట్టుకుని పాకడం దాని స్వభావం. అందుకే తోటల్లో రైతులు ముందు అవిసె చెట్లు పెంచి, వాటి మీదికి తీగను ఎక్కిస్తారు. నీళ్లు కట్టినా మురుగు పోయేలా కాలవలు తీస్తారు.

మన కుండీల్లో జరిగేది దీనికి తలకిందులు. పోయిన వానాకాలం మా అపార్ట్‌మెంట్‌లో ఒకరింట్లో గుబురుగా ఉన్న తీగ వారంలో వేలాడిపోయింది. ఇంటర్ చదివే వాళ్లమ్మాయి బయట చేరినప్పుడు కుండీ ముట్టుకుందట! నేరం ఆ పిల్ల మీద పడింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. "పిన్నిగారూ, ఒక్కసారి వేళ్లు చూద్దాం" అన్నాను. కుండీ అడుగున రంధ్రం పూడుకుపోయింది. మట్టి పిండితే నీళ్లు కారాయి. మొదలు నల్లబడి మెత్తబడింది. వేరు పట్టుకుంటే తోలు ఊడి చేతికొచ్చింది. ఇది వేరుకుళ్లు. ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి తేమలో రెచ్చిపోయి చేసే పని. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత పిల్లని దగ్గరకు తీసుకున్నారు.

మొదలు కుళ్లినా పైన పచ్చగా ఉన్న కొమ్మ దొరికితే తీగ మళ్లీ బతుకుతుంది. మూడు నాలుగు కణుపులున్న ముక్క కోసి, రెండు కణుపులు మట్టిలోకి వెళ్లేలా నాటండి. పాత మట్టి వాడొద్దు. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలపండి. అడుగు రంధ్రాల మీద పెంకు ముక్కలు వేస్తే మట్టి పూడుకోదు.

ఉదయపు లేత ఎండ తగిలే బాల్కనీ చాలు. మిట్టమధ్యాహ్నపు ఎండైతే ఆకు పసుపెక్కి మాడుతుంది. లెక్క పెట్టుకుని రోజూ నీళ్లు పోయొద్దు. వేలు గుచ్చి చూడండి, పైమట్టి ఆరితేనే పోయండి. కింద పళ్లెంలో నీళ్లు ఉంచొద్దు. కొబ్బరి పీచు చుట్టిన కర్ర పాతి దాన్ని తడుపుతుంటే వేళ్లు పట్టుకుని పైకి పాకుతుంది. వేసవిలో ఉదయం పూట ఆకుల మీద నీళ్లు చిలకరించండి. కోసేటప్పుడు కింది ముదురాకులే తొడిమతో సహా కోయండి.

ఈసారి మీ ఇంట్లో తీగ వాడితే ఎవరు ముట్టుకున్నారని అడక్కండి. ముందు కుండీ అడుగు చూడండి.