బడిల పడ్డ బాధ ఇంట్ల ఎందుకు జెప్పరు?

దసరా సెలవులు అయిపోయి హాస్టల్‌కు పోవాల్సిన పొద్దున పిల్లకు కడుపునొప్పి లేస్తది. అమ్మ "బడి ఎగ్గొట్టే ఏషాలు" అంటది. నాయిన బస్సెక్కిస్తడు. తోటి పిల్లలు కొడుతున్నరనీ, ఎక్కిరిస్తున్నరనీ ఆ పిల్ల జెప్పదు. భయంతోని జెప్పదనుకుంటం. ఒక్క భయమే అయితే అమ్మ దగ్గరికే ఉరికొస్తది గదా? భద్రాచలం ఐటీడీఏ ఊళ్లల్ల తిరుగుతుంటె నాకు సమజైన కారణాలు వేరే ఉన్నయి.

మొదటిది ఖర్చు లెక్క. మిరపకాయ ఏరే రోజులల్ల అమ్మ బడికి రావాలంటె కూలి పోతది, బస్సు కిరాయి పడ్తది. ఎండకాలం తునికాకు తెంపిన పైసలతోనే పెట్టె, దుప్పటి కొన్నరు. ఆ దుప్పటి ఎవడో గుంజుకున్నడని ఏ నోటితోని జెప్పాలె? పదేళ్ల పిల్ల ఈ లెక్క మనకంటె బాగ చేస్తది.

రెండోది సిగ్గు. ఎక్కిరించేది పిల్లను ఒక్కదాన్నే గాదు, దాని ఇంటిని. మాటల కోయ యాస వినపడితె నవ్వుతరు. కోయ అంటె చెడిపోయిన తెలుగు కాదు, గోండికి దగ్గరి ద్రావిడ భాష. ఈ ముక్క బడిల ఎవరు జెప్తున్నరు? 2005ల సల్వాజుడుం మొదలైనంక ఛత్తీస్‌గఢ్ నుంచి మన అడవులకు వచ్చిన గుత్తికోయల పిల్లలకైతే ఇది రెండింతలు. ఇంటికొచ్చి ఈ సంగతి జెప్పుడంటె, "అమ్మా, నీ మాటను జూసి నవ్వుతున్నరు" అని అమ్మ మొకం మీద జెప్పుడే. ఏ పిల్లకు నోరొస్తది?

మూడోది నాయిన మీద పావురం. ఫారెస్టోళ్ల ముందర, ఆఫీసుల ముందర నాయిన చేతులు కట్టుకొని నిలబడుడు పిల్ల చూసింది. నా కోసం ఇంకోపాలి అట్ల నిలబడొద్దని నోరు మూసుకుంటది.

నాలుగోది రాత్రి. నాయిన వచ్చి గట్టిగ అడిగినా సాయంత్రం బస్సుకు ఎల్లిపోతడు. కొట్టినోడు మాత్రం పక్క చాప మీదనే పంటడు. ఫోన్ల జెప్దామన్నా వెనక లైన్ల వాడే నిలబడి ఉండొచ్చు.

ఐదోది, జెప్తె చదువు బంద్. "అట్లయితె ఇంటికాడ ఉండు, మేకలు కాయి" అంటరు. ఆడపిల్లయితె పెండ్లి మాట ఎత్తుతరు.

ఇది మన అడవి కతే గాదు. గడిచిన నెల రోజులల్ల దాదాపు ముగ్గురిల ఒక విద్యార్థి తోటోళ్ల వేధింపు పడ్డదని 2019ల యునెస్కో జెప్పింది. నార్వేల 1982ల ముగ్గురు పిల్లలు ప్రాణాలు తీసుకుంటె, మరుసటి ఏడు దేశమంత బడులల్ల వేధింపుల మీద కార్యక్రమం పెట్టిన్రు. అంటె ఇది పిల్లగాని పిరికితనం గాదు, పెద్దోళ్లు పట్టించుకోవాల్సిన పని.

ఇంట్ల మొదటిసారి పది దాటిన తమ్ముండ్లు, చెల్లెండ్లు! మీ చిన్నోళ్ల దగ్గర మీరే కూసోవాలె. "ఎవడన్న కొడ్తుండా?" అని సూటిగ అడిగితె "లేదు" అంటరు. "అన్నం ఎవరితోని తింటవు? రాత్రి పక్కన ఎవరు పంటరు? సబ్బు, నూనె ఎన్ని రోజులొస్తున్నయి?" అని వాళ్ల ఇంటి భాషల్నే అడుగున్రి. "నీకు జెప్పకుండ ఏ పనీ చెయ్యను" అని మాటియ్యిన్రి, నిలబెట్టుకోన్రి. పిల్ల ఫొటో వాట్సాప్ స్టేటస్ పెట్టకున్రి, ఇంకింత నవ్వులపాలు చేసినట్టయితది.

తర్వాత తేదీ, జరిగింది రాసి హెడ్మాస్టర్‌కు కాయితం ఇయ్యిన్రి, నకలు దాసుకోన్రి. రాత్రిపూట పడక మార్చాలె, పెద్దోళ్ల కాపలా ఉండాలె అని అడుగున్రి. అక్కడ కదలకపోతె ఐటీడీఏ పీవోకు ఇయ్యిన్రి. 1098కి ఏ యాళ్లయినా పైసా లేకుండ ఫోన్ చెయ్యొచ్చు. మనసు బాగలేదంటె 14416 టెలిమానస్ ఉంది. కొట్టేది, తిట్టేది సారే అయితె 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ అది నేరుగ నిషేధించింది. కొట్టేటోడు కూడ పిల్లగాడే అయితె పోలీసుల కంటె ముందు వాని ఇంటోళ్లను పిలిపియ్యాలె. వాన్ని ఎవరు కొడ్తున్నరో గూడ అడగాలె.

సంక్రాంతికి పిల్లలు ఇంటికొస్తరు. ఒక్క సాయంత్రం ఫోను పక్కన పెట్టి వాళ్లతోని వాగు దాక నడిచిపోన్రి.