చక్రానికీ చట్రానికీ మధ్య: కాయిలోవర్ షాకుల ఎంపిక, కొలత

వాహనమనగానే మన దృష్టి ముందుగా ఇంజను మీదికి పోతుంది. దాని అశ్వశక్తి ఎంత, గంటకు ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తగలదు అని అడుగుతాము. కాని తారు రోడ్డు దిగి రాళ్లలో, గుంతలలో, ఇసుకలో పరుగెత్తవలసిన వాహనం విషయంలో ఈ ప్రశ్నలు రెండవ వరుసలోనివి. చక్రం నేలను అంటిపెట్టుకొని ఉన్నంతవరకే ఇంజను ముందుకు నడుపుతుంది, బ్రేకు ఆపుతుంది, స్టీరింగు దారి మళ్లిస్తుంది. చక్రం గాలిలో ఉన్న క్షణాన ఈ మూడూ నిరుపయోగాలే. ఆ చక్రాన్ని నేలకు కట్టి ఉంచే సాధనాన్ని ఎట్లా ఎంచుకొనవలెనో, దానికి ముందు ఏమేమి కొలువవలెనో వివరించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విషయం మన విద్యార్థులకు దూరమైనది కాదు. మెక్సికో దేశంలోని బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పంలో 1967లో ఎడారి పందెం ఒకటి మొదలైంది. ఆ పేరునే తీసుకొని 1976లో అమెరికాలోని సౌత్ కెరొలైనా విశ్వవిద్యాలయంలో విద్యార్థుల పోటీ ప్రారంభమైంది. విద్యార్థులు తామే ఒక చిన్న ఆఫ్‌రోడ్ వాహనాన్ని రూపొందించి, తయారుచేసి, తామే నడపవలెను. మన దేశంలో ఈ పోటీ 2007 నుండి మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్ కేంద్రంగా జరుగుతూ వచ్చింది. తెలుగు ప్రాంతపు కళాశాలల జట్లు కూడా అక్కడికి వెళ్లి వచ్చాయి. ఈ పోటీ సంప్రదాయంలో ఇంజను అందరికీ ఒకే రకంది ఇస్తారు. కావున గెలుపు ఓటములను తేల్చేవి చట్రం, సస్పెన్షన్, నడిపేవాని ఓర్పు. చివరి పరీక్ష నాలుగు గంటల సహన పరుగు. ఆ నాలుగు గంటలు తట్టుకోలేని షాకు జట్టు ఏడాది శ్రమను ఒక్క గుంతలో పోగొడుతుంది. ఆ సీటులో కూర్చున్నవాడు ఇరవై యేండ్ల విద్యార్థి అన్న సంగతి అంతకంటె ముఖ్యమైనది.

కమాను నుండి కాయిల్ దాకా

మన లారీల క్రింద ఉండే ఇనుప పట్టీల దొంతరను మెకానిక్కులు కమాన్ కట్ట అంటారు. ఉర్దూ, ఫారసీ భాషలలో కమాన్ అనగా విల్లు. వంగి, తిరిగి తన రూపానికి వచ్చే వింటి గుణాన్ని చూసి పెట్టిన పేరది. పండితుడు పెట్టిన పారిభాషిక పదం దాని ముందు చిన్నబోతుంది. ఆ వింటి గుణాన్నే రాబర్ట్ హుక్ 1678లో శాస్త్ర నియమంగా ప్రకటించాడు. సాగుదల బలానికి అనులోమానుపాతంలో ఉంటుందని ఇంటర్మీడియట్ విద్యార్థులు చదివేది ఆ నియమమే. పట్టీకి బదులు ఉక్కు తీగను చుట్టలుగా చుడితే కాయిల్ స్ప్రింగు అవుతుంది.

స్ప్రింగు బరువును మోస్తుంది, దెబ్బను తనలో దాచుకుంటుంది. కాని దాచినదాన్ని వెంటనే తిరిగి ఇచ్చివేస్తుంది. ఒంటరి స్ప్రింగు మీద నిలిచిన బండి ఒక గుంత దాటిన తరువాత చాలా సేపు ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగుడును అణచేది డాంపరు. నూనె నిండిన గొట్టంలో పిస్టను కదులుతుంది. నూనె సన్నని రంధ్రాల గుండా బలవంతంగా పోవలసి వచ్చి వేడెక్కుతుంది. ఊగుడులోని శక్తి ఆ విధంగా ఉష్ణంగా మారిపోతుంది. భౌతికశాస్త్రంలో అవరుద్ధ డోలనాలు అన్నవి ఇవే. డాంపరు చుట్టూ స్ప్రింగును తొడిగి, రెంటినీ ఒకే సాధనంగా చేస్తే దానిని కాయిలోవర్ అంటారు. మోటారు సైకిలు వెనుక చక్రానికి ఇరుప్రక్కల కనిపించేది దాని చిన్న తమ్ముడే.

మొదట కొలత, తరువాత కొనుగోలు

అంగడిలో షాకును చూచి బండికి అమర్చుకొనే పద్ధతి తలక్రిందులైనది. చెప్పును బట్టి కాలిని కోసుకొనము గదా! ముందుగా బండిని కొలువవలెను. షాకుకు ముఖ్యమైన పొడవులు మూడు. పూర్తిగా చాచినప్పటి పొడవు, పూర్తిగా ముడిచినప్పటి పొడవు, బండి తన బరువుతో నిలబడినప్పటి పొడవు. ఈ కొలతలన్నీ పై బోల్టు రంధ్రం మధ్య నుండి క్రింది బోల్టు రంధ్రం మధ్యకు తీయవలెను. చాచిన పొడవులో నుండి ముడిచిన పొడవును తీసివేస్తే వచ్చేది షాకు ప్రయాణం.

కొలిచే విధానం ఇది. చట్రాన్ని గట్టి స్టాండ్ల మీద సమతలంగా నిలపవలెను. జాకీ ఒక్కదాన్ని నమ్మి క్రింద దూరరాదు. షాకులు లేకుండా చక్రాన్ని, చేతులను అమర్చి, చక్రాన్ని అడుగు భాగం నుండి పై దాకా 25 మి.మీ. చొప్పున లేపుతూ, ప్రతిసారి రెండు రంధ్రాల మధ్య దూరాన్ని వ్రాసుకొనవలెను. బండి ఇంకా తయారు కాకపోతే నేల మీద సుద్దతో నిజ పరిమాణంలో బొమ్మ గీచి, అట్ట చేతులను కదిపి చూచినా చాలు.

ఉదాహరణకు విద్యార్థులు తయారుచేసే బండి వంటి దానిని తీసుకొందాము. నడిపేవానితో కలిసి మొత్తం బరువు 260 కిలోలు. నాలుగు కాటాల మీద నిలిపితే ముందు చక్రాల క్రింద ఒక్కొక్కటి 52, వెనుక చక్రాల క్రింద ఒక్కొక్కటి 78 కిలోలు చూపినవనుకొందాము. ఇందులో చక్రం, హబ్బు, బ్రేకు మొదలైనవి స్ప్రింగు మీద ఆనవు. ముందు చక్రం వద్ద అవి 12 కిలోలైతే స్ప్రింగు మోయవలసినది 40 కిలోలు మాత్రమే. ముందు చక్రం మొత్తం 250 మి.మీ. కదలవలెనని, అందులో నిలబడిన స్థితి నుండి పైకి 150, క్రిందికి 100 అని నిర్ణయించుకొన్నాము.

అడకత్తెర న్యాయం

షాకు క్రింది కొస చక్రం దగ్గర గాక, చేతికి నడుమ ఎక్కడనో బిగించి ఉంటుంది. ఇది అడకత్తెర వంటిది. అడకత్తెర ఒక కొసన కీలు, మరొక కొసన మన చేయి, నడుమ వక్క. చేయి ఎక్కువ దూరం కదులుతుంది, వక్క మీద ఎక్కువ బలం పడుతుంది. ఇక్కడ చేయి ఉన్న చోట చక్రం, వక్క ఉన్న చోట షాకు. చక్రం 25 మి.మీ. లేచినప్పుడు రంధ్రాల మధ్య దూరం 15 మి.మీ. తగ్గితే నిష్పత్తి 0.6 అవుతుంది. దీనిని చలన నిష్పత్తి అందాము. షాకు ఏటవాలుగా ఉన్నా వేరే లెక్క అక్కరలేదు. ఆ వాలు ప్రభావం ఈ కొలతలోనే కలిసి ఉంటుంది.

కావున చక్రం 250 మి.మీ. కదిలితే షాకు కదలవలసినది 150 మి.మీ. అందులో ముడుచుకొనేది 90, చాచుకొనేది 60. చక్రం వద్ద 40 కిలోల భారం షాకు వద్ద 40ని 0.6తో భాగించగా సుమారు 67 కిలోలవుతుంది. చక్రం పూర్తిగా దిగినప్పుడు స్ప్రింగు వదులుగా ఉండి, 60 మి.మీ. నొక్కుకొన్నప్పుడు ఈ 67 కిలోలను మోయవలెను. అంటే స్ప్రింగు గట్టిదనం మి.మీ.కు 1.11 కిలోలు. అంగడిలో స్ప్రింగులను తరచు అంగుళానికి ఇన్ని పౌండ్లని గుర్తిస్తారు. మి.మీ.కు 1 కిలో అంటే అంగుళానికి 56 పౌండ్లు. కనుక మనకు కావలసినది సుమారు 62 పౌండ్ల స్ప్రింగు.

అదే గట్టిదనం చక్రం వద్ద ఎంత? నిష్పత్తిని ఒకసారి గాక రెండుసార్లు గుణించవలెను. ఏలననగా అడకత్తెరలో దూరమూ మారుతుంది, బలమూ మారుతుంది. 0.6 ను 0.6 తో గుణిస్తే 0.36. దానితో 1.11 ను గుణిస్తే మి.మీ.కు 0.4 కిలో. చక్రం వద్ద 40 కిలోలకు 100 మి.మీ. నొక్కుడు కదా, లెక్క సరిపోయింది. చక్రం పూర్తిగా పైకి పోయినప్పుడు 250 మి.మీ.కు 100 కిలోలు, అనగా నిలబడినప్పటి భారానికి రెండున్నర రెట్లు. ఈ స్ప్రింగు మీద బండి సెకనుకు సుమారు ఒకటిన్నర సార్లు ఊగుతుంది. మనిషి శరీరం భరించగల ఊపు అది. చాలా జట్లు ఈ రెండవ గుణకారాన్ని మరచి, బండి ఎందుకు ఇంత మెత్తగా కూలబడినదని విస్తుపోతాయి.

పట్టికలో మరొక అంశం గమనింపదగినది. చక్రం పైకి పోయిన కొద్దీ ప్రతి 25 మి.మీ.కు దూరం 15 నుండి 16, 17గా పెరుగుతుంటే మంచిది. పెద్ద దెబ్బకు షాకు గట్టిపడుతుంది. అది 13కు తగ్గుతుంటే, అవసరమైన చోటనే మెత్తబడి, అడుగుకు కొట్టుకొంటుంది. అప్పుడు మార్చవలసినది షాకును కాదు, బోల్టు స్థానాన్ని.

చీటీ లేని పాత స్ప్రింగు దొరికితే దానినీ కొలువవచ్చు. స్ప్రింగు ప్రక్కకు జారకుండా లోపల గొట్టం నిలిపి, దాని మీద పలకను, పలక మీద 50 కిలోల సిమెంటు బస్తాను ఉంచి పొడవు చూడవలెను. రెండవ బస్తా పెట్టి మరల చూడవలెను. 50 కిలోలను ఆ పొడవుల భేదంతో భాగిస్తే గట్టిదనం తెలుస్తుంది. తీగ మందాన్ని కంటితో అంచనా కట్టరాదు. గట్టిదనం తీగ వ్యాసపు నాల్గవ ఘాతాన్ని బట్టి ఉంటుంది. చుట్టలు, వాటి వ్యాసం మారకుండా 10 మి.మీ. తీగ స్థానంలో 9 మి.మీ. తీగ ఉంటే మూడవ వంతు గట్టిదనం పోతుంది.

హద్దులు ఎవరు గీయవలెను?

నిడుపైన షాకు మేలైనదని ఒక అపోహ కలదు. చాచినప్పుడు షాకు మరీ నిడుపైతే చక్రం మరీ క్రిందికి దిగి, ఇరుసు కీళ్లు, బాల్ జాయింట్లు తమ హద్దు దాటి విరుగుతాయి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది. ముడిచినప్పుడు షాకు పొట్టిది కాకపోతే లోహం లోహానికి తగిలి బోల్టు పట్టు చీలుతుంది. అందుచేత క్రిందికి హద్దును పట్టెడ త్రాడు గీయవలెను, పైకి హద్దును రబ్బరు దిమ్మె గీయవలెను. షాకు స్వయంగా హద్దు కారాదు. మన ఉదాహరణలో రంధ్రాల మధ్య దూరం 470 నుండి 320 మి.మీ. దాకా మారితే, 475 దాకా చాచుకొని 310 దాకా ముడుచుకొనే షాకు తగినది. స్ప్రింగు చుట్టలు ఒకదానికొకటి ఆనకముందు 150 మి.మీ. కంటె మరి 10, 15 మి.మీ. ఎక్కువ నొక్కుకొనగలగవలెను. స్టీరింగును రెండు వైపులా పూర్తిగా త్రిప్పి, ఒక చక్రం పైన, మరొకటి క్రింద ఉంచి టైరు, బ్రేకు గొట్టం ఎక్కడ తగులుతాయో చూడవలెను.

డాంపరును ఎంచుకొనేటప్పుడు వేడిని తలచుకొనవలెను. రెండు గొట్టాల షాకు చౌకైనది, చిన్న దూరాలకు చాలు. ఎడతెగని కుదుపులలో దానిలోని నూనె నురుగు కట్టి పట్టు వదులుతుంది. ఒకే గొట్టం గల రకంలో తేలే పిస్టను ఒకటి నూనెను నైట్రోజను వాయువు నుండి వేరుచేస్తుంది, గొట్టం గోడ నుండి వేడి నేరుగా గాలిలోకి పోతుంది. ప్రక్కన వేరు కుండీ ఉంటే నూనె మరింత ఎక్కువ, వేడి మరింత ఆలస్యం. నాలుగు గంటల పరుగుకు ఈ రకాలే తగినవి. అయితే వాటిలోని వాయు పీడనం తరచు చదరపు అంగుళానికి 150 నుండి 200 పౌండ్లు ఉంటుంది. శిక్షణ లేనివారు వాటిని విప్పటం ప్రాణాపాయం.

రెండు మాటలు సర్దుబాటు గురించి. పైనున్న పట్టీని బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది నమ్మకం. గట్టిపడదు. బండి ఎత్తు మాత్రమే పెరుగుతుంది, క్రిందికి దిగే ప్రయాణం పైవైపుకు మారుతుంది. గట్టిదనం కావలెనంటే వేరే స్ప్రింగు కొనవలసినదే. అట్లే, చాచుకొనే వైపు డాంపింగు మితిమీరితే వరుస గుంతలలో షాకు మరల చాచుకొనే వ్యవధి లేక మెల్లమెల్లగా ముడుచుకుపోయి, చివరికి రాయిలా బిగుస్తుంది.

విద్యార్థి మిత్రులకు, కమిటీ పెద్దలకు ఒక మనవి. ఇటువంటి పోటీకి మన వాళ్లు దిగే నాడు, షాకుల ఖర్చు పద్దు పెద్దదవుతుంది. ఆ డబ్బు విద్యార్థుల ఇండ్ల నుండి, దాతల చేతుల నుండి వచ్చేది. కొనుగోలుకు సంతకం పెట్టేముందు ఒక్క కాగితం అడగండి. నాలుగు చక్రాల బరువులు, చక్రం ప్రయాణం, చలన నిష్పత్తి పట్టిక, మూడు పొడవులు, స్ప్రింగు గట్టిదనం, దాని లెక్క, హద్దు గీచే రబ్బరు దిమ్మె, త్రాటి స్థానాలు అందులో ఉండవలెను. ఆ కాగితాన్ని నింపలేని జట్టుకు ఇంకా అంగడికి పోయే వేళ కాలేదు. నింపగలిగిన జట్టుకు ఖరీదైన పేరు గల షాకు లేకున్నా చాలు. అది తన బండిని తెలుసుకొన్నది. బహుమతి వచ్చినా రాకున్నా ఆ తెలివి విద్యార్థి దగ్గరనే ఉంటుంది, నడిపిన పిల్లవాడు క్షేమంగా బండి దిగి వస్తాడు.