మీకు తెలుసా? వియన్నా వీరనారి కోనన్ లోకానికి వచ్చింది!

కత్తివీరుడు కోనన్‌ను అమెరికన్ రచయిత రాబర్ట్ ఇ. హోవర్డ్ 1932లో ‘వియర్డ్ టేల్స్’ పత్రికలో పరిచయం చేశాడు. 1970లో మార్వెల్ సంస్థ ఆ మంత్రతంత్రాల కథలను కామిక్స్‌గా తెచ్చింది. రచన రాయ్ థామస్. బొమ్మలకు ముందు అనుకున్నది జాన్ బుసేమాను. హక్కులకు డబ్బు కట్టాక ఆయన పారితోషికం భారమనిపించి, కుర్ర చిత్రకారుడు బారీ స్మిత్‌తో వేయించారు. బుసేమా 1973లో వచ్చి చేరాడు.

ఆ కామిక్స్‌లో కనిపించే వీరనారి రెడ్ సోన్యా సంగతి మరీ తమాషా. హోవర్డ్ కథలో ఆమె 1529 నాటి వియన్నా ముట్టడిలో తురుష్క సేనపై పిస్తోలు పేల్చిన వనిత. ఆ కథలో కోనన్ లేడు, మంత్రాలూ లేవు. థామస్ ఆమెకు పిస్తోలు మాన్పించి, 1973లో కోనన్ పక్కన కత్తితో నిలబెట్టాడు.

మార్వెల్ 1974లో మొదలుపెట్టిన ‘సావేజ్ స్వోర్డ్ ఆఫ్ కోనన్’ నలుపు తెలుపుల మ్యాగజైన్. అందుకే కామిక్ పుస్తకాల స్వీయ నియంత్రణ నియమావళి అయిన కామిక్స్ కోడ్ ఆంక్షలు దానికి వర్తించలేదు.